వరదానంతర నగరం – సభాస్థలం: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల పునర్నిర్మాణ చరిత్ర

హైదరాబాదు నగర ఆధునిక చరిత్రను 1908 సెప్టెంబరు 28 నుంచి మొదలుపెట్టడం చరిత్రకారులకు అలవాటు. ఆనాటి మూసీ వరదను పాతతరం నగరవాసులు ‘తుగ్యానీ’ అన్నారు. అఫ్జల్‌గంజ్ వంతెన, దాని దరినున్న ఆసుపత్రి, కోల్సావాడి వంటి బస్తీలు ఆ వరదలో కొట్టుకుపోయాయి. మృతుల సంఖ్య పదిహేను వేలని సాధారణంగా చెబుతారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూట యాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారన్న కథనం నగర స్మృతిలో నిలిచిపోయింది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన కుటుంబాన్ని కోల్పోయింది ఈ వరదలోనే.

ఆ తరువాతి కథ కూడా సుపరిచితమే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య రాక, జలాశయాల నిర్మాణం, నగరాభివృద్ధి సంస్థ ఏర్పాటు, విన్సెంట్ ఎష్ రూపొందించిన భవనాలు, నదీతీర ఉద్యానాలు, పత్థర్‌గట్టి, మొజంజాహీ మార్కెట్ వరుసగా వస్తాయి. ఈ కథనం దాదాపు పూర్తిగా నది ఒడ్డున నడుస్తుంది. నదికి ఉత్తరంగా, వరద నీరు చేరని మెరకన, అదే కాలంలో రూపుదిద్దుకొన్న బస్తీల చరిత్రకు అందులో చోటు తక్కువ. కోలుకుంటున్న నగరంలో జనం కూడి మాట్లాడుకొనే చోటు ఎవరు కట్టారు, ఎవరి అనుమతితో నిలిచింది అన్న ప్రశ్నకు సమాధానం మాత్రం నది ఒడ్డుకన్నా చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలోనే స్పష్టంగా దొరుకుతుంది. తెలుగు భాషా సంస్కృతుల చరిత్రతో ఈ ప్రశ్నకు విడదీయరాని సంబంధముంది.

ముందుగా పేర్లను గమనించవచ్చు. మూడు పేర్లలో మూడు రకాల ఆవాసాలున్నాయి. పల్లి పల్లెను, గూడ గూడెమును గుర్తుచేస్తాయి. నగర్ మాత్రం ప్రణాళిక వేసి స్థలాలుగా విభజించిన ఆధునిక కాలనీకి పెట్టే పేరు. చుట్టుపక్కల హిమాయత్‌నగర్, ఆజమాబాద్ అసఫ్‌జాహీ రాకుమారుని పేర్లను మోస్తుంటే, గాంధీనగర్, జవహర్‌నగర్, అశోక్‌నగర్ మరొక రాజకీయ యుగపు పేర్లను మోస్తున్నాయి. రెండు మైళ్ల పరిధిలో పల్లె, సంస్థానం, గణతంత్రం ఒకదాని పక్కన ఒకటి నిలిచి ఉన్నాయి.

నదిని అదుపుచేసిన ప్రణాళిక

విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు వచ్చి, అదే ఏడాది అక్టోబరులో నివేదిక సమర్పించారు. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా వాటిలో 221 తెగిపోయాయని ఆయన లెక్కకట్టారు. ఈ అంకె ప్రాముఖ్యం పెద్దది. నగరాన్ని ముంచినది నది ఒక్కటే కాదు. ఒక చెరువు కట్ట తెగి కింది చెరువు మీద పడగా, అది మరొకదాని మీద పడగా, గొలుసుకట్టు వ్యవస్థ మొత్తం ఒక్క రాత్రిలో విప్పుకొని నదిలోకి దూకింది. దీనికి ఆయన సూచించిన ప్రధాన పరిష్కారం నగరానికి ఎగువన మూసీ, ఈసీలపై రెండు పెద్ద జలాశయాల నిర్మాణం. వీటిలో ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరద నివారణ కోసం తలపెట్టిన ఈ కట్టడాలే దశాబ్దాలపాటు నగరపు దాహాన్నీ తీర్చాయి.

1911లో మీర్ మహబూబ్ అలీ ఖాన్ మరణించి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. అదే కాలంలో నగరాన్ని ప్లేగు పట్టి పీడించింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థకు, అంటే ప్రజల నోట ‘సిఐబి’గా స్థిరపడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుకు, నేపథ్యం వరద ఒక్కటే కాదు, ఈ మహమ్మారి కూడా. 1896 నాటి ప్లేగు తరువాత బొంబాయిలో 1898లో ఏర్పడిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు అప్పటికే ఒక నమూనాగా ఉంది. ఇరుకు బస్తీలను తొలగించడం, వీధులను వెడల్పు చేయడం, గాలి వెలుతురు సోకే ఇళ్లు కట్టడం ఆ నమూనాలోని ముఖ్యాంశాలు. కూల్చినంత వేగంగా కట్టలేదన్న విమర్శను బొంబాయి ట్రస్టు ఎదుర్కొంది. హైదరాబాదు సిఐబి కూడా వీధులు తీసింది, ఇళ్లు కూల్చింది. అయితే మలక్‌పేట, మల్లేపల్లి, రెడ్‌హిల్స్ వంటి చోట్ల అది నిర్మించిన క్వార్టర్లు, ఆ పేరుతోనే, నేటికీ చిరునామాలుగా మిగిలాయి. 1935లో పూర్తయిన మొజంజాహీ మార్కెట్‌కు నిజాం ద్వితీయ కుమారుని పేరు పెట్టారు.

ఈ కాలంలోనే నగరం ఉత్తరానికి జరిగింది. 1886 నుంచి చాదర్‌ఘాట్ ప్రత్యేక పురపాలక సంఘంగా ఉండేది, 1933లో అది హైదరాబాదులో కలిసింది. 1916లో కాచిగూడ రైల్వేస్టేషను కట్టారు. ముషీరాబాదు దరిని 1930లో వజీర్ సుల్తాన్ పొగాకు కర్మాగారం, ఆ ప్రాంతంలోనే ఆజమాబాద్ పారిశ్రామికవాడ వెలిశాయి. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం అడిక్‌మెట్‌లోని సొంత ఆవరణకు తరలింది, 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం తలుపులు తెరుచుకున్నాయి. సుల్తాన్‌బజారుకూ ఆ ఆవరణకూ మధ్యనున్న మెరక నేలలో ఉద్యోగులు, వకీళ్లు, ఉపాధ్యాయులు, జిల్లాల నుంచి చదువుకోసం వచ్చిన విద్యార్థులు స్థిరపడ్డారు. నారాయణగూడ, చిక్కడపల్లి, బర్కత్‌పురలలో తెలుగు, మరాఠీ, కన్నడ మధ్యతరగతి బలపడటానికి ఈ భూగోళమే ఆధారం.

వీధి వెడల్పయింది, సభ ఇరుకయింది

పునర్నిర్మాణ చరిత్రలు తరచుగా విస్మరించే అంశం ఒకటుంది. 1912–1935 మధ్య హైదరాబాదులో భౌతికమైన బహిరంగస్థలం విస్తరించిన మాట నిజం. వీధులు విశాలమయ్యాయి, తోటలు వెలిశాయి, అంగళ్లకు రాతి కప్పులు వచ్చాయి. కాని అదే దశాబ్దాల్లో ఆ స్థలాల్లో కూడి మాట్లాడే హక్కు కుంచించుకుపోయింది. 1929లో వెలువడిన గస్తీ నిషాన్ 53 బహిరంగ సభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. నడవడానికి, కొనడానికి, గాలి పీల్చడానికి వీధి దొరికింది, సభ జరుపుకోవడానికి మాత్రం దొరకలేదు. నగర ప్రణాళిక చరిత్రకారులు సిఐబి దస్తావేజులను, రాజకీయ చరిత్రకారులు గస్తీ నిషాన్‌లను వేరువేరుగా చదవడం వల్ల ఈ వైరుధ్యం చాలాకాలం మరుగున పడిపోయింది.

తెలుగువారికి సంబంధించి ఈ వైరుధ్యం గస్తీ నిషాన్ కన్నా ముందే మొదలయింది. 1921 నవంబరులో వివేకవర్ధనీ పాఠశాల ఆవరణలో, మహర్షి ధోండో కేశవ్ కర్వే అధ్యక్షతన, నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. వక్తలు ఉర్దూ, మరాఠీ, ఆంగ్లాలలో మాట్లాడారు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆనాటి అవమానమే ట్రూప్‌బజారులో టేకుమాల రంగారావు ఇంట ఆంధ్ర జనసంఘం పుట్టుకకు కారణమైంది. మాడపాటి హనుమంతరావు ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’లో ఈ ఉదంతానికి ఇచ్చిన స్థానం అందరికీ తెలిసినదే. ఇక్కడ దానిని మరొక కోణంలో చూడవలసి ఉంది. ఆ సభలో ప్రభుత్వ నిషేధమేదీ లేదు. సంస్కరణ కోరేవారి సొంత ఆవరణలోనే, చట్టంతో పని లేకుండానే, ఒక భాషకు వేదిక నిరాకరించబడింది. బహిరంగస్థలం అందరిదీ కావడానికి గోడలు లేకపోవడం మాత్రమే చాలదని చెప్పే తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి.

ఆంధ్రోద్యమం ఆ తరువాత పెద్ద సభల కన్నా గ్రంథాలయాలకు, పాఠశాలలకు ఎక్కువ శక్తిని వెచ్చించింది. అనుమతుల బెడద అందుకు ఒక కారణం. సుల్తాన్‌బజారులో 1901 సెప్టెంబరు 1న ప్రారంభమైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అప్పటికే దారి చూపింది. అది బ్రిటిషు రెసిడెన్సీ అధికార పరిధిలో ఉండటం యాదృచ్ఛికం కాదు. రెసిడెన్సీ బజార్లు 1933లో నిజాం పాలనలోకి తిరిగి వచ్చేవరకు అక్కడ కొంత వెసులుబాటు ఉండేది. ఆ పరిధికి వెలుపల, నిజాం పాలనలోని నేలపై తెలుగు సంస్థను నిలపడం మరింత కఠినమైన పని.

నారాయణగూడలోని బాలికల పాఠశాల ఈ నేపథ్యంలోనే చరిత్రలో నిలుస్తుంది. 1928లో మాడపాటి హనుమంతరావు, ఆయన మిత్రులు తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల ప్రారంభించారు. కాలక్రమంలో అది నారాయణగూడలో స్థిరపడి మాడపాటివారి పేరుతోనే ప్రసిద్ధమైంది. నగర కొత్వాలుగా పనిచేసిన రాజా బహద్దూర్ వెంకట రామారెడ్డి దానికి అండగా నిలిచారు. రాజ్యపు విద్యావ్యవస్థలో ఉన్నత పాఠశాల స్థాయిలో తెలుగు మాధ్యమానికి గుర్తింపు లేకపోవడంతో ఈ పాఠశాల పుణెలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. ఏ కర్వే అధ్యక్షత వహించిన సభలో తెలుగు వక్త గేలికి గురయ్యాడో, ఆ కర్వే స్థాపించిన సంస్థే హైదరాబాదు ఆడపిల్లల తెలుగు చదువుకు గొడుగు పట్టింది. 1921 ఉదంతాన్ని తెలుగు–మరాఠీ వైరంగా మాత్రమే చిత్రించే రచనలకు ఈ ఒక్క అంశం చాలినంత సమాధానం.

సిఐబి కట్టిన బజారును, ఈ పాఠశాలను పక్కపక్కన పెట్టి చూస్తే పునర్నిర్మాణంలోని రెండు ధోరణులు బయటపడతాయి. మొదటిదానికి ఖజానా, ఇంజనీరు, రాకుమారుని పేరు ఉన్నాయి. రెండవదానికి చందాలు, ఒక సంఘం, దూరప్రాంతపు అనుబంధం ఆధారం. 1940లో నారాయణగూడలోనే కేశవరావు కోరట్కర్ స్మృతిగా నెలకొల్పిన కేశవ్ మెమోరియల్ పాఠశాల, 1954లో వచ్చిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల ఈ రెండవ ధోరణికి కొనసాగింపు. ఒకే కూడలి చుట్టూ ఇన్ని విద్యాసంస్థలు చేరడానికి ప్రభుత్వ ప్రణాళిక కన్నా స్వచ్ఛంద సంఘాల కృషి ముఖ్యకారణం. నగరాభివృద్ధిని బోర్డుల చరిత్రగా మాత్రమే రాసేవారు నారాయణగూడను వివరించలేరు.

హైదరాబాదు భారత యూనియన్‌లో కలిశాక, 1951లో మాడపాటి నగర మేయరయ్యారు. వేదిక దొరకని భాష కోసం పాఠశాల పెట్టిన వ్యక్తి మూడు దశాబ్దాల తరువాత నగర సభకు అధ్యక్షుడయ్యాడు. నారాయణగూడలోని మేల్కోటే పార్కు కూడా ఆ తరాన్నే గుర్తుచేస్తుంది. స్వాతంత్ర్య సమరయోధుడైన డాక్టర్ జి.ఎస్. మేల్కోటే హైదరాబాదు రాష్ట్ర ఆర్థికమంత్రిగా పనిచేశారు. ఉద్యానాలకు రాకుమారుల పేర్లకు బదులు ప్రజానాయకుల పేర్లు రావడం చిన్న మార్పేమీ కాదు.

పన్ను, పుస్తకం, పాట

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఒక ముఖ్యమైన మలుపు. అంతవరకు చందాలతో నడిచిన పఠన సంస్కృతికి అది పన్ను ఆధారాన్ని కల్పించింది. ఆస్తిపన్నుతో కలిపి వసూలయ్యే గ్రంథాలయ సుంకం కాలక్రమంలో రూపాయికి ఎనిమిది పైసలకు చేరింది. స్థానిక సంస్థ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు అప్పగించవలసిన సొమ్ము ఇది. సంస్థ స్వయంగా వసూలు చేసుకోలేదు. సుంకం బకాయిల గురించిన ఫిర్యాదు తెలుగునాట గ్రంథాలయోద్యమ సభలన్నిటిలో వినిపించే పల్లవి కావడానికి మూలం చట్టపు ఈ నిర్మాణంలోనే ఉంది.

ఆ చట్టం నీడలో నడిచే నగర కేంద్ర గ్రంథాలయం చిక్కడపల్లి, అశోక్‌నగర్‌ల అంచున ఉంది. దినపత్రికల కోసం వచ్చే పదవీ విరమణ చేసినవారికి, పోటీ పరీక్షల అభ్యర్థులకు అది ఒకే కప్పు కింద చోటిచ్చింది. 1966లో ఏర్పడిన శ్రీ త్యాగరాయ గానసభ అదే ప్రాంతానికి మరొక వేదికను అందించింది. సంగీత కచేరీలు, అవధానాలు, పుస్తకావిష్కరణలు, సంస్మరణ సభలతో గానసభ నగరపు తెలుగు సాహిత్య జీవనానికి నిత్య చిరునామా అయింది. అక్కడి కళా సుబ్బారావు కళావేదికపై తొలి పుస్తకాన్ని ఆవిష్కరించుకున్న రచయితల జాబితా రాస్తే అది ఒక చిన్న సాహిత్య చరిత్రే అవుతుంది. కొద్ది దూరంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా కూడలిగా ఎదిగింది. సుదర్శన్, దేవి, సంధ్య వంటి థియేటర్ల ముందు తొలిరోజు గుమికూడే జనం, గానసభకు నడిచివచ్చే శ్రోతలు, గ్రంథాలయం మూసేవరకు కూర్చొనే విద్యార్థులు ఒకే బస్‌స్టాపులో దిగేవారు. తెలుగు సంస్కృతిలో ‘శిష్టం’, ‘జనప్రియం’ అంటూ విడదీసి చూసే రెండు లోకాలు ఇక్కడ ఒకే కాలిబాటను పంచుకొన్నాయి. ఆ కాలిబాట ఎన్నడూ వాటికి సరిపడినంత వెడల్పుగా లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్ వద్ద జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ మరణించిన ఘటనకు అనేక కోణాలున్నా, స్థలం కోణాన్ని మరువరాదు.

అలుగు కాలువ

1908 వరద చేరని మెరక అని పైన చెప్పుకొన్న ఈ ప్రాంతం మధ్యలోనే ఒక పల్లం ఉంది. 16వ శతాబ్దిలో ఇబ్రహీం కుతుబ్‌షా పాలనలో నిర్మించిన హుస్సేన్‌సాగర్ నిండినపుడు అలుగు పారే నీరు దోమలగూడ, అశోక్‌నగర్, హిమాయత్‌నగర్, నారాయణగూడల పక్కగా ప్రవహించి నల్లకుంట, గోల్నాకల మీదుగా మూసీని చేరుతుంది. చెరువుల పరిభాషలో ఇది అలుగు వాగు. నగరవాసుల నోట అది ‘నాలా’ అయింది. వాగు అన్నపుడు అది నీరు నడిచే దారి. నాలా అనే మాట వాడుకలో క్రమంగా మురుగుకు పర్యాయపదమయింది. మాట అర్థం మారుతున్న కొద్దీ ఒడ్డున ఇల్లు కట్టుకోవడంపై ఉన్న జంకు కూడా పోయిందనడం సాహసమే కాని, అర్థ విపరిణామమూ ఆక్రమణా జంటగా నడిచాయని మాత్రం అనవచ్చు.

ఇందులో ఒక సాంకేతిక అంశాన్ని స్పష్టం చేసుకోవాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు మూసీ, ఈసీల ఎగువ నీటిని ఆపుతాయి. హుస్సేన్‌సాగర్‌కు వచ్చే నీరు కూకట్‌పల్లి నాలా, బల్కాపూర్ నాలా వంటి వేరే దారుల నుంచి వస్తుంది. కాబట్టి 1909 ప్రణాళిక ఎంత సమర్థంగా పనిచేసినా అశోక్‌నగర్‌ను కాపాడలేదు. కాపాడటం దాని ఉద్దేశమూ కాదు. ఎగువ పరీవాహకంలోని నేల 1908లో పొలాలు, చెరువులతో ఉండేది. ఆ నేల సిమెంటుతో కప్పబడ్డాక అదే వానకు అలుగు మీద పడే నీరు పెరిగింది, వేగమూ పెరిగింది.

2000 ఆగస్టు 24న హైదరాబాదులో 24 గంటల్లో 24 సెంటీమీటర్ల వర్షం కురిసింది. అశోక్‌నగర్, దోమలగూడ, హిమాయత్‌నగర్‌ల పల్లపు ఇళ్లలోకి నీరు చేరింది, పడవలతో జనాన్ని తరలించవలసి వచ్చింది. ఆ తరువాత నాలాల విస్తరణపై నిపుణుల నివేదికలు వచ్చాయి. వాటి అమలు మాత్రం ఆక్రమణల తొలగింపు దగ్గర ఆగుతూ వచ్చింది. 2020 అక్టోబరు 13న మరల నగరం మునిగింది. ఆ వరద తరువాతనే వ్యూహాత్మక నాలా అభివృద్ధి పథకం రూపొందింది. హుస్సేన్‌సాగర్ అలుగు కాలువకు రక్షణ గోడ నిర్మాణం ఆ పథకంలో ఒక భాగం.

గోడ వరదను ఆపవచ్చు. కాని 1909 నాటి ఆలోచనలో నది ఒడ్డు జనం నడిచే తోటగా కూడా ఉండాలన్న అంశముంది. ఆ తోటల శిథిల జాడలు హైకోర్టు పరిసరాల్లో ఇంకా కనిపిస్తాయి. నాలా విషయంలో అటువంటి ఊహ ఏ దశలోనూ ప్రధానం కాలేదు. ఒకే నగరంలో నీటిని చూసే దృష్టి తోట నుంచి గోడకు మారడానికి వందేళ్లు పట్టింది. మూసీ తీరాన్ని తిరిగి వినోదస్థలంగా మార్చే తాజా ప్రతిపాదనలపై 2024లో చెలరేగిన వివాదంలో ఒడ్డున నివసించేవారి తరలింపే కేంద్రాంశమయింది. తోట ఎవరి ఇంటి స్థలంలో వస్తుందన్న ప్రశ్నకు నాలా ఒడ్డున కూడా అంతే పదునుంటుంది.

ఆకాశంలో రహదారి

2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్‌స్టేషన్ – మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ మెట్రో మార్గం ప్రారంభమయింది. 11 కిలోమీటర్ల ఈ మార్గంలో ముషీరాబాదు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు వరుసగా వస్తాయి. ఏడు వారాలు తిరగకముందే కోవిడ్ వల్ల మెట్రో ఆగిపోయి సెప్టెంబరు వరకు తెరుచుకోలేదు. 2023 ఆగస్టు 19న ఇందిరా పార్కు నుంచి విఎస్‌టి కూడలి వరకు సుమారు రెండుంపావు కిలోమీటర్ల ఉక్కు వంతెన ప్రారంభమయింది. దాదాపు 450 కోట్ల రూపాయల ఈ నిర్మాణానికి మాజీ హోంమంత్రి, విఎస్‌టి కార్మిక నాయకుడు నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వద్ద ఈ వంతెన మెట్రో మార్గానికీ పైనుంచి సాగిపోతుంది. నేల మీద కూడలి, దానిపై రైలు, ఆ పైన వంతెన. మూడు అంతస్తుల్లో రెండు ఆగకుండా దాటిపోయేవారివి. ఈ వంతెన వల్ల ట్రాఫిక్ ఒత్తిడి తగ్గిందనడంలో వివాదం లేదు. ఆగేవారికి ఏం దక్కిందన్నది వేరే ప్రశ్న. కార్మికోద్యమ నాయకుని పేరు పెట్టుకొన్న వంతెనకు ఒక కొస ఇందిరా పార్కు కావడం వల్ల ఆ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతుంది.

ఇందిరా పార్కుకు 1975లో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు. 76 ఎకరాల ఈ ఉద్యానం 1978లో ప్రజలకు తెరుచుకుంది. దాని పక్కనున్న రోడ్డు కాలక్రమంలో ధర్నా చౌక్‌గా స్థిరపడింది. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఒప్పంద ఉద్యోగులు, రైతు సంఘాలు, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమకారులు తమ గోడు చెప్పుకోవడానికి వచ్చే చోటు అది. ఏ శిల్పీ, ఏ బోర్డూ సభాస్థలంగా రూపకల్పన చేయని రోడ్డు అలవాటు చేత సభాస్థలమయింది. 2017లో ప్రభుత్వం దానిని నగర శివార్లకు తరలించాలని నిర్ణయించింది. స్థానికుల ఇబ్బంది, ట్రాఫిక్ కారణాలుగా చూపింది. ఆ ఏడాది మే 15న తరలింపును వ్యతిరేకిస్తూ ప్రతిపక్షాలు, ప్రజాసంఘాలు అక్కడే నిరసన చేపట్టగా ఘర్షణ జరిగింది. 2018 నవంబరులో హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో అక్కడ నిరసనలకు మరల వీలు కలిగింది.

దీనిని గస్తీ నిషాన్ 53తో పోల్చడం సులభం. పోలిక కొంతవరకే నిలుస్తుంది. నిజాం ప్రజకు ఆనాడు ఆ ఆజ్ఞను ప్రశ్నించే రాజ్యాంగబద్ధమైన న్యాయస్థానం లేదు, 2018 నాటి పౌరునికి ఉంది. అయితే పోలికను పూర్తిగా కొట్టిపారేయడమూ తగదు. రెండు సందర్భాల్లోనూ నగరం భౌతికంగా విస్తరిస్తున్న దశలోనే సభాస్థలంపై ఆంక్షలు వచ్చాయి. ‘స్థానికుల ఇబ్బంది’ అన్న వాదనలో నిజం లేకపోలేదు. రోజూ మైకుల హోరు భరించే ఇంటివారి కష్టం కల్పితం కాదు. చిక్కు ఎక్కడంటే, సభాస్థలంగా ప్రణాళిక వేసిన చోటు నగరంలో లేనందునే నివాసప్రాంతంలోని రోడ్డు ఆ భారం మోసింది. ఆ లోటును పూడ్చకుండా రోడ్డును మాత్రమే ఖాళీ చేయించడం పునర్నిర్మాణమనిపించుకోదు.

ఇదే కాలంలో అశోక్‌నగర్ మరొక రూపం దాల్చింది. గ్రూప్స్, సివిల్స్ శిక్షణ కేంద్రాలు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, జిరాక్స్ దుకాణాలు ఆ వీధులను నింపాయి. శిక్షణ కేంద్రాలు ఇక్కడే గుమికూడటానికి గ్రంథాలయ సామీప్యం ఒక ముఖ్య కారణం. పఠనమందిరంలో చోటు దొరకని అభ్యర్థులు ఆవరణలోని చెట్ల కింద, మెట్లపైన, గోడ వారగా కూర్చొని చదవడం నిత్యదృశ్యం. రూపాయికి ఎనిమిది పైసల సుంకంతో నడిచే సంస్థ రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చే నిరుద్యోగ యువతకు నగరంలో ఉచితంగా కూర్చోగల ఏకైక నీడగా మారింది. జిల్లాల నుంచి వచ్చిన ఈ యువత 1930ల నాటి నారాయణగూడ విద్యార్థులకు వారసులే. నాడు తెలుగులో చదువుకొనే హక్కు సమస్య, నేడు చదివాక దొరకవలసిన కొలువు సమస్య.

2024 అక్టోబరులో గ్రూప్-1 ప్రధాన పరీక్షలకు ముందు, జీవో 29 రద్దు చేయాలని, పరీక్షలు వాయిదా వేయాలని కోరుతూ అభ్యర్థులు రోజుల తరబడి ఆందోళన చేశారు. న్యాయస్థానం తిరిగి తెరిపించిన ధర్నా చౌక్ అక్కడికి కొద్ది నిమిషాల నడక దూరంలోనే ఉంది. వారు మాత్రం తాము అద్దెకుంటున్న అశోక్‌నగర్ వీధుల్లోనే, ఉక్కు వంతెన నీడలోని చౌరస్తా పరిసరాల్లోనే గుమికూడారు. పోలీసులు అక్కడినుంచే వారిని వాహనాల్లో తరలించారు. అక్టోబరు 21న పరీక్షలు మొదలయ్యాయి.